పచ్చ లైటు రాని బండి

దసరా నాటి సాయంత్రం దామోదర్ కారుకు చార్జింగ్ వైరు గుచ్చాడు. పచ్చ లైటు రాలేదు. తీసి, చీకట్లోనే తడుముకుంటూ మళ్ళీ గుచ్చాడు. అయినా రాలేదు. వీధి చివర అమ్మవారి పందిరికి ఈ కొస నుంచి ఆ కొస దాకా సీరియల్ బల్బులు కట్టారు. మైకు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. "ఇన్ని లైట్లేస్తే ఇంగ వోల్టేజీ యాడుంటాది," అని విసుక్కుని, వైరు అలాగే వదిలేసి లోపలికి పోయాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. పుంగనూరులో కరెంటు కారు కొన్న మనిషికి లైటు రాకపోవడం ఒక వింత కాదు, వస్తేనే వింత. ఇంట్లో వోల్టేజీ పడిపోతే చార్జింగ్ ఆగిపోతుంది. బయట పెట్టుకుందామంటే ఆ బాగోతం వేరు. ఫోన్లో మ్యాపు తెరిస్తే మదనపల్లె నుంచి కుప్పం దాకా చార్జింగ్ స్టేషన్ల గుర్తులు ముచ్చటగా కనిపిస్తాయి. దగ్గరికి పోతే ఒకదాని ముందు టమోటా లారీ అడ్డంగా నిలబెట్టి డ్రైవరు టిఫినుకు పోయి ఉంటాడు. ఒకదాని గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన ఎవరి పెళ్ళికో పోయి ఉంటాడు. ఇంకొకటి రిబ్బన్ కత్తిరించిన రోజు పనిచేసిందట, ఆ ఫోటో మాత్రం గోడకు ఉంది. ఎవరిని అడిగినా "పైనుంచి మనిషి రావాల సార్" అంటారు. ఆ పైన అనేది ఎక్కడుందో, ఆ మనిషి ఎప్పుడొస్తాడో చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందుకే లైటు రానప్పుడల్లా దామోదర్ కరెంటును తిట్టేవాడు, మెషీన్ను తిట్టేవాడు, కంపెనీ వాళ్ళను తిట్టేవాడు. తన బండిని అనుమానించాల్సిన అవసరం ఆయనకు ఒక్కనాడూ రాలేదు.

లోపల ఉషా మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. కాళ్ళు ఉబ్బి మెట్టెలు బిగుసుకుపోయాయి.

ఉషా దామోదర్‌కు మేనత్త చౌడమ్మ కూతురు. రెండు కుటుంబాలూ పెద్దపంజాణి దగ్గర ఒకే ఊళ్ళో కూలికి పోయి బతికినవే. దామోదర్ చదువుకుని బడిపంతులు అయ్యాక, మరదల్నే చేసుకుని పుంగనూరులో కాపురం పెట్టాడు. పిల్లలు లేరు. ఉషాకు రెండు కిడ్నీలూ పాడై రెండేళ్ళు దాటింది. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి, లేకపోతే ప్రాణం నిలవదు. దగ్గర్లో ఉన్న మదనపల్లె ఆస్పత్రిలో అడిగితే అందుకు వేసిన కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. ఖాళీ ఎట్లా అవుతుందో ఉషాకు తెలుసు. "ఆ ఫోను రాకుంటేనే మేలు బావా, ఎవురో ఇంగా బతికుండారని," అనేది. కుప్పంలో ఒక కుర్చీ దొరికింది. అది దూరమైనా అదే గతి అయింది.

మొదట్లో బస్సులో పోయేవాళ్ళు. పోయేటప్పుడు ఎట్లాగో కూర్చునేది. రక్తమంతా కడిగి, సూదులు తీసి బయటికి పంపాక, ఆ డీజిల్ వాసనకు ఆమె ప్రాణం తోడేసినట్టయ్యేది. వీకోట వచ్చేసరికి వాంతులు. ఒకసారి పక్క సీటామె చీర మీద పడితే ఆమె నానా మాటలూ అంది. దామోదర్ తన తువ్వాలు తడిపి ఆమె చీర తుడిచాడు. ఆ వారమే సెకండ్ హ్యాండులో కరెంటు కారు కొన్నాడు. వాసన లేదు, కుదుపు లేదు. మొదటిసారి కుప్పం నుంచి వచ్చేటప్పుడు ఉషా వెనక సీట్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. పుంగనూరు వచ్చాక కూడా లేపబుద్ధి కాక దామోదర్ బండి ఆపుకుని అట్లాగే కూర్చున్నాడు. బడిలో తోటి పంతుళ్ళు "ఏం సార్, కుప్పం దాకా వైరు లాగినారా?" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ నిద్ర సంగతి వాళ్ళకేం తెలుసు.

ఆ కారంటే ఉషాకు ప్రాణం. దసరాకు ముందు రోజు ఆయుధ పూజ. ఒంట్లో ఓపిక లేకపోయినా బండికి పూజ తానే చేస్తానని పట్టుబట్టింది. పీట వేసుకుని కూర్చుని, పసుపు గంధంలా చిక్కగా కలుపుకుని, బానెట్టుకు, అద్దాలకు, చక్రాలకు, తలుపులకు వరసగా బొట్లు పెట్టింది. బొట్టు మీద కుంకుమా అక్షింతలూ అద్దింది. పీట జరుపుకుంటూ బండి చుట్టూ తిరిగింది.

"ఇది యాడ తింటాది బావా?" అని అడిగింది.

"అదో, ఆ పక్కన మూత ఉండాదే, దాని కింద," అన్నాడు దామోదర్. "నీకు దాంతో పనేముంది మే?"

"ఊరికే అడిగినాలే. పోయి గుమ్మడికాయ తే."

ఆయన నవ్వుకుంటూ గుమ్మడికాయ కోసం లోపలికి పోయాడు. వచ్చేసరికి ఆమె చేతులు తుడుచుకుంటోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, హారతి ఇచ్చారు. నైవేద్యం పెట్టిన అరటిపండు ఉషా సగం తినింది. గుండెకు ముప్పని డాక్టరు వద్దన్నవాటిలో అరటిపండే మొదటిది. దామోదర్ చూశాడు. పండగపూట నోటి దగ్గరి పండు లాక్కోవడానికి చేతులు రాలేదు.

దసరా రోజు రావాల్సిన డయాలసిస్ పండగ సెలవు వల్ల మరుసటి రోజు ఉదయానికి మారింది. ఆ దసరా రోజే దామోదర్ చౌడమ్మ వాళ్ళ ఊరికీ, గుడికీ పోయి రావడంతో బండిలో చార్జి సగానికి తగ్గింది. రాత్రంతా పెట్టుకుంటే నిండుతుందిలే అనుకున్నాడు. తీరా లైటే రాకపోయె.

తెల్లవారి చూస్తే చార్జి నిన్న ఉన్నంతే ఉంది. మైకు ఆగింది, పందిరిలో లైట్లు ఆర్పేశారు, అయినా పచ్చ లైటు రాలేదు. దామోదర్ వంగి చూశాడు. మూత చుట్టూ పసుపూ కుంకుమా కనిపించాయి. బండంతా పసుపే అయినప్పుడు అక్కడ మాత్రం ఉంటే అందులో వింతేముంది? పట్టించుకోలేదు.

వీధిలో టాక్సీ నడిపే అజయ్‌కు ఫోన్ చేస్తే పండగ మొక్కుకు తిరుమల కొండ మీద ఉన్నానన్నాడు. ఉషా గుమ్మం పట్టుకుని నిలబడి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది, "బస్సులోనన్నా పోదాం బావా."

"ఈ ఆయాసంతో ఆ వాసనలో కూర్చుంటావా? ఊరుకో. బైపాసు కాడ పెట్టుకుని పోదాం. నన్ను నమ్ము."

ఆమె నమ్మింది.

బైపాసు పక్కన ఎవరో కంపెనీ వాళ్ళు పెట్టిన చార్జింగ్ మెషీనుకు అంజినప్ప అనే ముసలాయన కావలి. పోయి చూస్తే ఆ మెషీనుకు కూడా ఆయుధ పూజ జరిగి ఉంది. రెండు పక్కలా అరటి పిలకలు, మెడలో బంతిపూల దండ, స్క్రీను మీద మూడు విభూతి గీతలు, నడుమ ఇంత కుంకుమ బొట్టు. దామోదర్ మెషీను వైరు కొసనున్న చార్జింగ్ గన్ను తీసి బండికి గుచ్చాడు. అది పూర్తిగా లోపలికి దిగలేదు. బలంగా నొక్కాడు. స్క్రీను మీద విభూతి వెనక ఎర్ర అక్షరాలు వచ్చాయి. నాలుగుసార్లు ప్రయత్నించాడు, నాలుగుసార్లూ ఎర్ర అక్షరాలే.

మదనపల్లెలో ఆ కార్లు బాగుచేసే మురళికి ఫోన్ కలిపాడు. పండగ నిద్రలోంచి లేచిన గొంతుతో మురళి అన్నాడు, "ఒక పని చెయ్యండి సార్. మూత తెరిచి, లోపల పిన్నులు కనబడేట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. సూసి చెప్తా."

దామోదర్ ఒళ్ళు మండిపోయింది. ఇట్లాంటి మాటలు ఈ రెండేళ్ళలో ఎన్ని వినలేదు. ఫోటో పెట్టండి, నంబరు చెప్పండి, ఆపి మళ్ళీ వేయండి. "ఈడ మనిషికి ఊపిరాడకుండా ఉంటే నీకు ఫోటో కావల్నా? మెషీను చచ్చి ఉండాది, నా బండి ఫోటో ఏంటికి నీకు?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ కోపమంతా అంజినప్ప మీదికి మళ్ళింది. "ఏం పెద్దాయనా, గన్నులో గూడా పసుపు మెత్తినావా? బుద్ధి ఉండాదా నీకు? కరెంటు పోయే దాంట్లో కుంకం పెడతారా ఎవురైనా?"

ముసలాయన చేతులు జోడించాడు. "లేదప్పా, దేవుని మీద ఒట్టు. పైపైన పెట్టినా. గన్ను నేను ముట్టుకోలే."

"నీలాంటోళ్ళ వల్లే ఈ ఊరు ఇట్ల తగలబడింది."

కారు అద్దం కిందికి దిగింది. ఉషా తల బయటికి పెట్టింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. "బావా... నేను గూడా మన బండికి..."

"నువ్వు మాట్లాడొద్దు మే. మాట్లాడితే ఆయాసమొస్తాది. అద్దమెయ్యి, దుమ్ము."

ఆమె ఇంకేదో అనబోయి దగ్గింది. దామోదర్ తానే పోయి అద్దం పైకెత్తాడు.

పలమనేరులో రోడ్డు పక్క ఒక హోటలు ముందు ఇంకో మెషీను ఉంది. అక్కడి దాకా చార్జి చాలు. ఏసీ ఆపేసి, సైకిలు కంటే కొంచెం వేగంగా నడుపుకుంటూ, పెద్దపంజాణి దాటి, గంగవరం దాటి పలమనేరు చేరాడు. మెషీనుకు ప్లాస్టిక్ పట్టా కప్పి తాడు కట్టారు. దాని నీడలో హోటలు వాళ్ళ గ్యాస్ బండలు పెట్టారు. "అది పనిచెయ్యక శానా దినాలాయ సార్," అన్నాడు హోటలతను, ఇడ్లీలు తీస్తూ. మ్యాపులో మాత్రం అది పచ్చగానే ఉంది.

పలమనేరులోనే ఏదో ఒక ఆస్పత్రిలో చూపించి ఉంటే అని తర్వాత చాలామంది అన్నారు. తర్వాత అనేవాళ్ళకేం, ఎన్నైనా అంటారు. అప్పుడు ఆయన మనసులో కుప్పంలోని ఆ ఒక్క కుర్చీ తప్ప ఇంకేమీ లేదు. ఉన్న చార్జితో కుప్పం చేరుకోవచ్చా లేదా అంటే చేరుకోవచ్చని ఆశ చెప్పింది. ఆశ మాటే విన్నాడు.

వీకోట దాటాక ఎత్తు ఎక్కేచోట డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ తాబేలు బొమ్మ వచ్చింది. చార్జి అయిపోవస్తోందని గుర్తు. దాని తర్వాత బండి తాబేలు లాగానే కొంచెం దూరం పాకి, మామిడి తోట పక్కన ఆగిపోయింది. దామోదర్ స్టీరింగును రెండు చేతులతో బాదాడు. కిందికి దిగి చక్రాన్ని కాలితో తన్నాడు. నోటికొచ్చిన బూతు తిట్టాడు, జీవితంలో మొదటిసారి భార్య ముందు.

108కు ఫోన్ చేస్తే దగ్గరి బండి ఇంకో కేసు తీసుకుపోయిందని, దించగానే పంపిస్తామని చెప్పారు. వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపాడు. పండగకు వచ్చి తిరిగి బెంగళూరు పోయే కార్లు నిండుగా పోతున్నాయి. ఉషా వెనక సీట్లో ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఒక్కో ఊపిరినీ వెతుక్కుంటోంది. దామోదర్‌ తలుపు తెరిచి పక్కన నిలబడ్డాడు. ఆమె వీపు నిమురుతూ "వస్తాండాది, వస్తాండాది" అంటూ ఉన్నాడు. ఏది వస్తోందో ఆయనకే తెలియదు.

చివరికి పాలక్యాన్లు మోసే ఒక పాత డీజిల్ వ్యాను ఆగింది. ప్రతాప్ అనే ఆ డ్రైవరు మారుమాట అడగకుండా దిగి, ఆమెను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టడానికి చెయ్యి వేశాడు. ఇంజను వేడి కాళ్ళకు తగిలింది. డీజిల్ వాసన గుప్పుమంది. ఏ వాసన ఆమెకు తగలకూడదని ఇంత చేశాడో ఆ వాసనలోనే ఆమె తల దామోదర్ భుజం మీద వాలింది.

"బండిని తిట్టొద్దు బావా," అంది ఉషా. గొంతు పీలగా ఉంది. "పాపం, అదేం చేసింది. నా చేత్తో పూజ చేసినా దానికి."

"తిట్టనులే. నువ్వు పలకద్దు."

కుప్పంలో ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది. దుప్పటి పరిచి, మెషీను సిద్ధంగా పెట్టి ఉంచారు. నర్సులు పరుగున వచ్చి పడుకోబెట్టారు. ఒకామె చేతికి పట్టీ కట్టి, సూది గుచ్చడానికి నరం వెతుకుతోంది. అంతలో గుండె ఆగిపోయింది. వాళ్ళు చాలాసేపు ఛాతీ మీద నొక్కారు. తర్వాత నొక్కడం ఆపేశారు. దామోదర్ తలుపు దగ్గర ఆమె చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కర్మాంతరాలు ముగిసేదాకా చౌడమ్మ ఏడుస్తూనే ఉంది. ముగిశాక ఏడుపు మానేసి కోపం పట్టుకుంది. ఎండలో కలుపు తీసి కూతుర్ని పెంచిన మనిషి. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ఎవరో "అంజినప్ప పసుపు మెత్తినాడంట" అని చెవిలో వేశారు. ఆ మాట మొదట పుట్టింది దామోదర్ నోట్లోనే. చౌడమ్మ బైపాసుకు పోయి ముసలాయన మీద దుమ్మెత్తి పోసి, నువ్వు మట్టికొట్టుకుపోతావని శపించి వచ్చింది. ఆ గొడవకు కంపెనీ వాళ్ళు అంజినప్పను పనిలోంచి తీసేశారు. కలెక్టరుకు అర్జీ పెడతానని కూడా అంటోంది. అందుకే, మామిడి తోట దగ్గర్నించి కారును లారీ మీద మదనపల్లెకు తీసుకుపోయాక, బాగుచేసే రోజు తానూ వస్తానంది. "ఏ మిషను నా బిడ్డను సంపిందో వాళ్ళ నోటితోనే ఇనాల," అంది.

మురళి మూత తెరిచి, లోపలికి టార్చి వేశాడు. తర్వాత సన్నటి పుల్ల తీసుకుని నెమ్మదిగా గోకాడు. ఎండిన పసుపు పెళ్ళలుగా రాలింది. ఆ వెనక కుంకుమ. సన్న పిన్ను పక్కన సందులో రెండు అక్షింతలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇవి అడ్డం పడి గన్ను దిగలేదు సార్. మీ బండిలోనే ఉండాది తప్పు. ఆ పొద్దు ఫోటో అడిగింది ఇందుకే." దామోదర్ ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఎవురు సార్ ఈడ బొట్టు పెట్టింది?"

దామోదర్ వంగి చూశాడు. ఇంకా రాలని పసుపు మీద ఉంగరం వేలి గుర్తు స్పష్టంగా ఉంది. సన్న వేలు. ఇది యాడ తింటాది బావా అని అడిగిన గొంతు చెవిలో వినిపించింది. తినే నోటికి మొదటి బొట్టు పెట్టి ఉంటుంది, ఎప్పుడూ కడుపు నిండుగా ఉండాలని. బైపాసు దగ్గర అద్దం దించి ఆమె చెప్పబోయిన మాట ఏమిటో ఇప్పుడు పూర్తిగా తెలిసింది. చెప్పనివ్వలేదు. తన చేత్తోనే అద్దం పైకెత్తాడు. బండి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

చౌడమ్మ వెనక నుంచి వచ్చింది. "ఎవురంట? ఆ ముసలోడేనా?"

అవునంటే ఆ ముసలాయన బతుకు అంతటితో సరి. నిజం చెబితే ఈ తల్లి, బతికున్నన్నాళ్ళూ, తన కూతురు తన చేత్తోనే తన ఊపిరి మూసుకుందని తలుచుకుంటూ తలుచుకుంటూ చస్తుంది.

"నేనే అత్తా," అన్నాడు దామోదర్. "నేనే పెట్టినా. ఉషా వద్దనింది. నేనే ఇనలేదు."

చౌడమ్మ అల్లుడి ముఖంలోకి చూసింది. చెయ్యి ఎత్తింది, కొట్టలేదు. ఎత్తిన చేతిని తన నోటి మీదే పెట్టుకుంది. "నీ చేతుల్లో పెడితిని కదరా," అంది. అంతే. కొంగు భుజం మీదికి లాక్కుని, తిరిగి చూడకుండా బస్టాండు దారి పట్టింది.

మురళి పిన్నులు తుడిచి, గన్ను గుచ్చాడు. టక్కుమని దిగింది. పచ్చ లైటు వచ్చింది. దామోదర్ దాని ముందు నేల మీద కూర్చుని, మురళి వచ్చి లేపేదాకా ఏడ్చాడు.

సాయంత్రం చార్జి నిండాక బయల్దేరాడు. బస్టాండు ముందు, అప్పటిదాకా అక్కడే కూర్చుండిపోయిన చౌడమ్మ పుంగనూరు బస్సు ఎక్కడం కనిపించింది. కిటికీ పక్కన కూర్చుంది, ఇటు చూడలేదు. బస్సు కదిలింది. దామోదర్ దాని వెనకే పోనిచ్చాడు, దాటిపోలేదు. నల్లటి పొగ అద్దం మీదికి కొడుతోంది. వాసన లోపలికి వస్తోంది. అద్దాలు ఎత్తుకోకుండా, పుంగనూరు దాకా ఆ పొగ వెనకే నడుపుకుంటూ పోయాడు.